కోడ్ వచ్చే ఫోను

పదకొండు దుపట్టాలకు మగ్గం పని కావాలని కబురు వచ్చేసరికి అనుపమ చేతిలో ఇంకా దోసెల గరిటె ఉంది. పెళ్ళయి నలభై రోజులు. తను కొన్న ఆన్‌లైన్ పేజీకి మొదటి ఆర్డరు. ఆనందం పట్టలేక వంటింట్లోనే ఒక చుట్టు తిరిగింది. రాసింది మధురానగర్ పెళ్ళికూతురు యుస్రా. రాత్రికి ఊరి నుంచి వచ్చేస్తామని, రేపు పదింటికి అడ్వాన్సు పంపుతానని రాసి, కింద ఇంటి అడ్రసు పెట్టింది.

జవాబు రాయబోతే పేజీ మూసుకుపోయి కోడ్ అడిగింది. ఆ కోడ్ పేజీ అమ్మినవాడి ఫోనుకే వస్తుంది. ముప్పై వేలమంది చూసే పేజీ కదా అని పెళ్ళి చదివింపుల డబ్బుతో కొన్నది. కోడ్ వచ్చే ఫోను నంబరు మార్చమంటే వాడు రేపు, మాపు అంటూ వచ్చాడు. రోజూ బాల్కనీలోకి వెళ్ళి, గొంతు తగ్గించి, వాణ్ణి అడిగి ఆ ఆరంకెలు తెచ్చుకునేది. ఇవాళ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. సాయంత్రానికి స్విచ్చాఫ్.

భర్త సురేందర్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ క్లాసులు చెప్పి ఇంటికి రాగానే అత్తగారు స్వరాజ్యం అతని ముందే అడిగింది.

"వారం సంది సూస్తున్న. గా బాల్కనిల ఎవనితోని మాట్లాడుతున్నవ్?"

బూట్లు విప్పుతున్న సురేందర్ తలెత్తలేదు. అత్తగారి ప్రశ్న కన్నా అతను తలెత్తకపోవడానికే అనుపమ భయపడింది. అంతా చెప్పేసింది. మొదటి ఆర్డరు చూపించి ఇద్దరినీ ఆశ్చర్యపరచాలనుకున్నానంది.

"కోడ్ వాని ఫోన్‌కు వస్తే పేజీ వానిదే, అనూ," అన్నాడు సురేందర్. "దినామూ పిల్లలకు గిదే చెప్త. నన్నొక్క మాట అడగకపోతివి."

అతనూ ప్రయత్నించాడు. పాస్‌వర్డ్ అప్పటికే మారిపోయింది.

"పేజీ పోతే పోనీ," అంది అనుపమ ఏడుస్తూ. "ఆ పిల్ల రేపు పైసలు పంపేది వానికి. నేననుకొని పంపుతది."

స్వరాజ్యం దగ్గరికొచ్చి కోడలి కళ్ళు తన కొంగుతో తుడిచింది.

"నేనేందో అనుకున్న బిడ్డా. తప్పాయె. ఆ పిల్ల ఇల్లు యాదున్నదా?"

ఉందని తలూపింది అనుపమ.

"ఇంకెందుకు ఏడ్సుడు? పొద్దుగాల ఏడింటికే పోయి, పైసలు పంపకముందే చెప్దాం. పని నీదేనని నమ్మేటట్టు నువ్వు కుట్టిన దుపట్ట ఒకటి పట్టుకో. స్కూటీ మీద మనిద్దరం. సురేందర్ ఆటోల వస్తడు."