తలలో కదిలే ఎముక

"చెప్పు ఇంగ్, తలలో కదిలే ఎముక ఏది?"

"మీ దవడే, ఫీ తావన్. పొద్దుటి నుంచీ ఆగితే ఒట్టు."

తనకంటే పెద్దవాడు కనుక 'ఫీ' అంటుంది. ఆ మర్యాదలో సగం వెక్కిరింతే.

చియాంగ్ మైలో ఓ దంతవైద్య కళాశాల, ఎముకల గది. బయట వాన. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పుర్రెను ఉంచారు. అది ఒక బడి పంతులమ్మది. పోతూ పోతూ తన దేహాన్ని పిల్లల చదువుకు ఇచ్చింది. అందరూ ఆమెను పెద్ద గురువు అంటారు. తాకేముందు చేతులు జోడించి క్షమించమంటారు. బతికున్నవాళ్ల తలనే అడక్కుండా తాకని ఊరు అది.

ఇంగ్‌ది రెండో ఏడు. దవడ కీలు పరీక్షలో ఒకసారి తప్పింది. తావన్ చదువు ముగిసింది. ఉద్యోగం ఎక్కడో తేల్చే చీటీల్లో మేహాంగ్‌సోన్ కొండల మీది ఆసుపత్రి వచ్చింది. రేపు పొద్దున్నే బస్సు. ఏడాదిగా ఆమెకు అన్ని పాఠాలూ చెప్పాడు. చెప్పలేనిది ఒక్క మాట. ఇవాళ కాకపోతే ఇక దారి లేదు.

"నడినెత్తి మీద ఈ వంకర గీత చూడు," అన్నాడు గొంతు సవరించుకుని. "చిన్నప్పుడు ఈ రెండు ఎముకలూ విడివిడిగా ఉంటాయి. పోనుపోను ఒకదానిలో ఒకటి అల్లుకుపోతాయి. అలాగే మనం కూడా..."

"పుర్రెలమైపోతామా?"

"అబ్బ! పాఠం విను. చెవి ముందు వేలు పెట్టుకుని నోరు తెరువు. దవడ ముందుకు జారుతోందా? అక్కడో చిన్న గట్టు ఉంది. అది దాటితే ఇరుక్కుపోతుంది. వెనక్కి తోస్తే గట్టు అడ్డం. ముందు కిందికి నొక్కాలి, ఆ తర్వాతే వెనక్కి."

"నోట్లో మూడు వేళ్లు నిలువునా పడితే చాలంటారు. మీకు మూడైనా పడతాయా? మనసులో మాట చెప్పడానికే తెరుచుకోని నోరు!"

తావన్‌కు రోషం వచ్చింది. "మూడేమిటి, నాలుగు!" అంటూ తెరిచాడు.

టక్కుమంది.

నోరు అలాగే ఉండిపోయింది.

"చాల్లెండి, మూయండి," అంది ఇంగ్ నవ్వుతూ.

"ఆ... ఆ..."

అతని కళ్లలో నీళ్లు చూశాక ఆమె నవ్వు ఆగింది. "అయ్యో! మాస్టారిని పిలుచుకొస్తాను."

తావన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. పుర్రె చెంప దగ్గర గట్టు చూపించి, బొటనవేలు కిందికి చూపాడు. ఆ తర్వాత వెనక్కి.

"నేనా? తప్పినదాన్ని ఫీ!"

అతను తల ఊపాడు. నువ్వే.

ఇంగ్ అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుంది. కంగారులో అలవాటు ప్రకారం చేతులు జోడించింది. "పెద్ద గురువుగారూ, మీ తలను తాకుతున్నాను. తప్పయితే క్షమించండి."

తావన్ కళ్లు పెద్దవి చేశాడు.

"క్షమించండి! ఇంకా బతికే ఉన్నారు కదూ," అని నాలుక కరుచుకుంది. "ఒక మాట. ఇందాక చెప్పబోయింది నేననుకుంటున్నదేనా?"

అతను గబగబా తల ఊపాడు.

"నోరు కుదిరాక మాట మార్చారో, మళ్లీ ఊడదీస్తాను."

కింది దంతాల మీద బొటనవేళ్లు ఆనించింది. కిందికి నొక్కింది. ఏమీ కాలేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ నొక్కి, వెనక్కి తోసింది. దవడ గట్టు దాటి తన గూట్లోకి జారింది.

గుడ్డపీలికతో అతని గడ్డాన్ని నెత్తి మీదికి బిగించి కట్టింది. ముడి కుందేలు చెవుల్లా నిలబడింది.

"ఇక చెప్పండి. నోరు పెద్దగా తెరవకుండా."

"నువ్వంటే... నాకు... ప్రాణం," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"పాఠాలప్పుడు గంటలు గంటలు, ఇప్పుడు ఇంతేనా?"

"డాక్టరమ్మ... నోరు తెరవొద్దంది. నీ జవాబు?"

ఇంగ్ అతని ఎదుట నేల మీద కూర్చుంది. అమ్మ తప్ప ఇంకెవరూ నిమరని తన తలను మెల్లగా ముందుకు వంచింది.

"అడక్కుండా తాకకూడదు ఫీ," అంది. "అడగండి మరి!"