కదలని అడ్రస్

"జుబేర్, నువ్వు పంపిన లింకులో చీరలున్నాయి. బాంబేదీ?"

ఫోన్‌లో చీఫ్ లింగమూర్తి. ఏజెంట్ జుబేర్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మెతో బస్సులు బందై నెలైంది. సిద్దిపేట ఇంటర్నెట్ సెంటర్‌లో, ప్రింటర్లు బాగుచేసేవాడి వేషంలో ఇరుక్కుపోయాడు పాపం.

స్క్రీన్ మీద గొల్లభామ చీరల వెబ్‌సైట్. నడిపేది విదేశీ ముఠా! ఏ చీర మీద నొక్కితే రహస్యం తెరుచుకుంటుందో నిమిషానికోసారి మారుతుంది. పొద్దున్నుంచి నొక్కగా నొక్కగా జుబేర్‌కు తగిలింది: జనగామ చౌరస్తా, రోడ్డు మీద వంటా వార్పు నిరసన, సిలిండర్‌లో బాంబు, ఒంటిగంటకు పొయ్యి వెలిగింపు. కానీ ఆ రహస్యం తెరుచుకున్నా, స్క్రీన్ పైన అడ్రస్ ససేమిరా మారదు. ఎన్నిసార్లు పంపినా మొదటి పేజీయే.

"సార్, జనాన్ని ఖాళీ చేయించండి!"

"రుజువు లేకుండా ఉద్యమం మీదికి పోలీసుల్ని పంపితే ఊళ్లు తగలబడతాయి. ఫొటో ఎవడైనా తయారుచేస్తాడు. ఆ పేజీ నా కంప్యూటర్‌లో తెరుచుకోవాలి."

టైము పన్నెండున్నర. ఆ చౌరస్తాలోనే, సమ్మెలో ఉన్న టీచరు నస్రీన్ బియ్యం కడుగుతోంది. జుబేర్ సొంత అక్క. ఆమె ఫోన్ స్విచాఫ్.

"జరుగు, ఏజెంట్ సాబ్."

నల్ల కళ్లద్దాలు, ఎర్ర దుపట్టా, గుప్పుమనే అత్తరు. రిదా! ముఠాకు ఆ సైటు కట్టిందీ, దాని గుట్టు మనకు చెప్పిందీ ఈవిడే. ఎవరి మనిషో దేవుడికే తెలియాలి.

"నొక్కినంక లోపలి సరుకు గదే పేజీల వస్తది. పేజీ మారదు, గందుకే అడ్రస్ మారదు. చివర్ల హ్యాష్ గుర్తు పెట్టి ఈ బాంబు ప్లాన్ నంబర్ తగిలిస్త."

చకచకా టైపు చేసింది. జుబేర్ కొత్త లింకు పంపాడు. అంతలో కరెంటు పోయి యూపీఎస్ కుయ్యోమంది.

"మళ్లీ చీరలే!" చీఫ్ అరిచాడు.

"యా అల్లా! అడ్రస్‌ల నంబర్ రాయమన్న గానీ, తెరిచేటప్పుడు దాన్ని చదవమని పేజీకి చెప్పలే!" రిదా మళ్లీ కీబోర్డు మీద పడింది.

నడుముకు పిస్తోలు, జేబులో పెన్ను కెమెరా. ఏం లాభం? ఆమె వేళ్లకేసి గుడ్లప్పగించి చూడటం తప్ప జుబేర్ చేయగలిగింది లేదు. ఇంత చేతగానివాణ్నయ్యానా అని ఏడుపొచ్చింది.

పన్నెండూ యాభై ఏడు. రిదా ఎంటర్ కొట్టింది. యూపీఎస్ కూడా చచ్చి స్క్రీన్ ఆరిపోయింది.

"సార్, అదే లింకు మళ్లీ నొక్కండి!"

లైన్ కట్టయింది. పేజీ తెరుచుకుందో లేదో తెలియదు. మళ్లీ చేస్తే బిజీ. ఒంటిగంటయింది. ఒంటిగంటా పది. జుబేర్ నేలమీద కూలబడ్డాడు.

ఒకటీ ఇరవైకి ఫోన్ మోగింది. నస్రీన్!

"అరే జుబేర్, అగ్గిపుల్ల గీసిన్నో లేదో పోలీసోళ్లొచ్చి ఊదేసిన్రు! సిలిండర్ ఎత్తుకపోయిన్రు. ఐదొందల మంది ఆకలితోటి కూసున్నరు. ఎవడు జెప్పిండో గానీ, వానికి బుక్కెడు బువ్వ దొరకొద్దు!"

జుబేర్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఆమీన్, ఆపా" అన్నాడు.