యజమాని ఆపారు

ఆ రోజు పొద్దున కాఫీ ఎప్పటిలాగే కలిసింది, పేపరు ఎప్పటిలాగే గుమ్మంలో పడింది, మొగుడూ పెళ్లాలు మాత్రం మాట్లాడుకోలేదు. వారం రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ ముసలావిడ మీదుగానే నడుస్తున్నాయి. "అమ్మా, కాఫీలో పంచదార చాల్లేదని చెప్పు" అంటాడు కొడుకు. "అత్తయ్యా, డబ్బా ఆయన చేతికందే దూరంలోనే ఉందని చెప్పండి" అంటుంది కోడలు. ఇద్దరి మధ్యా రాయబారాలు మోసి మోసి ఆవిడకే విసుగొచ్చింది.

గొడవంతా వాళ్ల కూతురి గురించి. తండ్రి పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో. వాళ్లనూ వీళ్లనూ బతిమాలి తన పక్క గదిలోనే కూతురికో కుర్చీ చూసిపెట్టాడు. ఆ పిల్ల ఆ కుర్చీని కాలదన్ని అగ్నిమాపక దళంలో చేరింది. నానమ్మ చిన్నప్పుడే దానికి పిడుగని పేరు పెట్టింది, పిల్ల ఆ పేరు నిలబెట్టింది. శిక్షణ పూర్తయింది, మర్నాడు పొద్దున్నే రోజంతా ప్రయాణమంత దూరంలో ఉన్న శిక్షణ కేంద్రంలో పరేడు. అక్కడ ఒక్కొక్కరి భుజానికీ బ్యాడ్జీ పెట్టేది అధికారులు కాదు, ఇంటివాళ్లు. ఇంటినుంచి ఎవరూ రానివాళ్లకు మాత్రం ట్రైనింగు మాస్టారు పెడతాడట.

"మంటల్లో దూకుతానన్న పిల్లకు ముచ్చటగా బ్యాడ్జీ పెట్టి పంపాలా? ఈ ఇంటినుంచి ఎవరూ వెళ్లరు" అని తేల్చేశాడు తండ్రి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. నాలుగో కాలు చూపించినా అది తోకంటాడు.

తల్లిని వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. ముందు గదిలో రెండు మిషన్లు పెట్టుకుని ఊళ్లోని స్కూళ్లన్నిటికీ యూనిఫారాలు కుడుతుంది. గుడ్డల మూటలు మోయడానికని ఆ సంపాదనతోనే ఎలక్ట్రిక్ కారు కొనుక్కుంది. ఇరుకు సందుల్లో ఆ కారు ఆమె నడిపినట్టు ఇంకెవరూ నడపలేరు, కానీ దాన్ని ఊరు దాటించింది లేదు. ఆ పొద్దున ఆమె కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, తాళాలు తీసుకుంది.

"అత్తయ్యా, నేను పిడుగు దగ్గరికి వెళ్తున్నానని చెప్పండి."

ముసలావిడ కొడుకు మొహం చూసింది. "విన్నావుగా. ఈ ఒక్కటీ నేను మళ్లీ చెప్పను, నాకు టైము లేదు. నేనూ వెళ్తున్నా" అని చెప్పులు వేసుకుంది.

దారిలో ఛార్జింగు అయిపోతే తనకు ఫోన్ చేయొద్దని వెనకనుంచి కేకేశాడాయన. ఆ పాటికి కారు మలుపు తిరిగింది.

అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. ఈ అత్తాకోడళ్లు మాత్రం ముందు సీట్లలో పక్కపక్కన కూర్చుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లారు. దారిపొడవునా అత్తగారి కళ్లు ఛార్జింగు అంకె మీదే ఉన్నాయి. అది ఒక్కటి తగ్గినప్పుడల్లా "ఇంకోటి పోయింది అమ్మాయ్" అని నిట్టూర్చేది. మధ్యాహ్నానికి అంకె బాగా కిందికి దిగాక, పెద్దరోడ్డు పక్కన ఒక హోటలు వెనకాల ఛార్జింగు స్టేషను కనిపించింది. ఉన్న మూడు ఛార్జర్లలో ఒకటి పాడైందని గోనెసంచి కప్పి ఉంది. వరసలో నిలబడి, వంతు వచ్చాక టైలరమ్మ ఛార్జింగు గన్ను తీసి కారుకు పెట్టింది. అంకె ఎక్కడం చూసుకుని మొహం కడుక్కోవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఛార్జింగు ఆగిపోయి ఉంది.

గన్ను సరిగా కూర్చోలేదేమోనని తీసి మళ్లీ పెట్టింది. రెండంకెలు ఎక్కి మళ్లీ ఆగింది. పక్కది ఖాళీ అయితే అక్కడికి మార్చింది. అక్కడా అదే వరస. వెనకాల వ్యానులో పూలమొక్కలమ్మే ఆవిడ హారన్ కొట్టి, మీ బండికి రోగమేదో ఉంది, పక్కకు తీయమంది. కారు కొని ఏడాది కాలేదు, రోగమేమిటని టైలరమ్మకు ఒళ్లు మండింది. కళ్లజోడు పెట్టుకుని కారులోని తెర మీద అక్షరాలు చదివింది.

'యజమాని ఆపారు.'

"యజమానిని నేనే కదా, నేనెప్పుడు ఆపాను?" అంది పైకే. అన్నాక గుర్తొచ్చింది. కారు కొన్న రోజు షోరూములో యజమాని ఫోన్ నంబరు అడిగారు. గ్యాసు కనెక్షనుకు చెప్పినట్టే, కరెంటు మీటరుకు చెప్పినట్టే, ఆలోచించకుండా "ఆయన నంబరు రాసుకోండి" అంది. పెళ్లయినప్పటినుంచీ ఎక్కడ ఎవరు అడిగినా ఆమె నోట వచ్చేది ఆ నంబరే. తన నంబరు చెప్పాలంటే ఇప్పటికీ తడుముకోవాలి. ఇప్పుడాయన ఇంట్లో కూర్చుని, ఫోనులోని కారు యాప్‌లో అంకె ఎక్కినప్పుడల్లా 'ఆపు' నొక్కుతున్నాడు.

అత్తగారికి విషయం చెబితే ఆవిడ కొడుక్కి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. "ఒరేయ్, నేను కన్నది కొడుకునా, స్విచ్చినా?"

ఆయన బుకాయించలేదు. అవును, తనే ఆపానన్నాడు. కదలకుండా అక్కడే ఉండమని, సాయంత్రానికి ఎవరినైనా పంపి వెనక్కి తెప్పిస్తానని అన్నాడు. టైలరమ్మ ఫోను తన చేతిలోకి తీసుకుంది. వారం తర్వాత ఆ ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవడం అదే మొదలు.

"వెనక్కి రాను. మీరు ఛార్జింగు ఇవ్వకపోతే మానండి. ఈ రోడ్డు పొడవునా టీకొట్లున్నాయి. ప్రతి కొట్టు దగ్గరా ఆగి, ఫ్యానుకు పెట్టే ప్లగ్గైనా సరే ఇమ్మని అడుగుతా. అదీ దొరక్కపోతే బండి ఇక్కడే వదిలేసి, అత్తయ్య చెయ్యి పట్టుకుని వెళ్లే లారీ ఎక్కుతా. రేపు పొద్దున నేను అక్కడ ఉంటాను."

"దానికేమైనా అయితే?" అన్నాడాయన. వారం రోజుల కోపంలో ఆ ఒక్క మాటా ఇప్పటిదాకా బయటికి రాలేదు. "ఏ ఇల్లో కూలి దాని మీద పడితే? నేను పంపించానని బతకాలా?"

"నాకు మాత్రం భయం లేదా? మిషను తొక్కుతుంటే సైరను వినబడితే నా కాలు ఆగిపోతుంది. కానీ అందరి పిల్లల దగ్గరికీ అమ్మా నాన్నా నడిచొస్తుంటే, మన పిల్ల ఒక్కతే ఎవరూ లేనిదానిలా మాస్టారి కోసం నిలబడాలా? మీరు భయపడి ఆపండి. నేను భయపడుతూనే వెళ్తాను."

ఆమె ఫోను పెట్టేసి, తెర కింద రాసున్న సహాయం నంబరుకు చేసింది. యజమాని నంబరు మార్చొచ్చు గానీ పాత నంబరుకు వచ్చే ఓటీపీ కావాలన్నారు వాళ్లు. మళ్లీ ఆయనకే చేయాల్సొచ్చింది. ఆమె బతిమాలలేదు.

"మీకొక నంబరు వస్తుంది. చెప్పండి."

పూలమొక్కలావిడ కూడా హారన్ ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి వింటోంది. చివరికి ఆయన ఒక్కో అంకే చదివాడు. ఆఖరి అంకె రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

యజమాని అన్నచోట టైలరమ్మ పేరు వచ్చింది. కింద ఇంకో ప్రశ్న. పాత యజమానిని తీసేయాలా, చూడటానికి మాత్రం ఉంచాలా?

"తీసెయ్, పీడా విరగడవుతుంది" అంది అత్తగారు.

టైలరమ్మ వేలు కాసేపు గాల్లోనే ఉండిపోయింది. అంతదూరాన ఆయన ఒక్కడే ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్న దృశ్యం కళ్లముందు కదిలింది. 'చూడటానికి మాత్రమే' నొక్కింది. "చూడనీండి అత్తయ్యా. పిల్ల దగ్గరికి ఎంతదాకా వెళ్లామో ఆయనకూ తెలియాలి కదా. ఆపడం మాత్రం ఇక కుదరదు."

ఈసారి ఛార్జింగు ఆగలేదు. అత్తాకోడళ్లు కారులోనే కూర్చుని అరటిపళ్లు తిన్నారు. అత్తగారు ఇప్పుడు అంకె ఎక్కినప్పుడల్లా లెక్కపెట్టింది. కునుకు పడుతుండగా ఫోను మోగింది. ఆయనే.

"ఎనభై దాటింది. ఇక ఎక్కడం నెమ్మది, కూర్చోవడం దండగ. పొద్దుగూకేలోగా చేరాలి, బయల్దేరండి."

ఆమె తగ్గలేదు. "బండి నాది. ఎప్పుడు బయల్దేరాలో నేను చూసుకుంటాను. మీరు ముందు బస్సెక్కండి. పరేడు పొద్దున్నే."

అవతల కండక్టరు విజిలు వినబడింది.

"ఎక్కాను" అన్నాడాయన.

పొద్దుటినుంచీ ఉగ్గబట్టుకున్న టైలరమ్మ స్టీరింగు మీద తల పెట్టి భోరుమని ఏడ్చింది. అత్తగారు మెల్లగా దిగి వెళ్లి, రెండు చేతులతో గన్ను లాగి, దాని చోట దాన్ని పెట్టి వచ్చి కూర్చుంది.