ఆమె నీడలో మూడు

"ఇది ఎవరు కొలిచారు?"

అకెయో నాతో అన్న మొదటి మాట ఇదే. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. చేతిలో నేను తయారుచేసిన కాగితం ఉంది.

"నేనే," అన్నాను. ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు రోజులు. చొక్కా ఇస్త్రీ కూడా ఇంకా నలగలేదు.

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"ఒకసారి కొలిస్తే దాన్ని కొలత అనరు. పరిచయం అంటారు." కాగితం నా బల్ల మీద పెట్టి గ్రాఫు చివర వేలు ఉంచింది. "ఈ గీత ఇక్కడ మరీ తొందరగా వంగిపోతోంది. డయోడ్ లోపల ఇంత నిరోధం ఉండదు. మీరు కొలిచింది మీ వైర్లని, ఆ తుప్పు క్లిప్పుల్ని. మధ్యలో పాపం డయోడ్ కూడా ఉంది."

గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ చెవులు మాత్రం మండాయి. ఆమె వెళ్ళిపోయాక క్లిప్పులు తీసి చూశాను. నిజంగానే తుప్పు పట్టి ఉన్నాయి.

మా పని గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. కిసుము ఊళ్ళో సరస్సు కనిపించే ఒక మేడ మీద ఇంజనీర్ ఒకెచ్ గారి వర్క్‌షాపు. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలకి కావలసిన పరికరాలు తయారుచేస్తాం. ఏ సర్క్యూట్ అయినా చేతితో కట్టేముందు కంప్యూటర్‌లో నడిపి చూడాలి. అందుకు ప్రతి భాగానికీ దాని స్వభావం అంకెల్లో ఉండాలి. డయోడ్ అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చేది. మరి ఎంత తేలికగా పోనిస్తుంది, వెనక్కి ఎంత లీకు చేస్తుంది, వేడెక్కితే ఏం చేస్తుంది, ఇవన్నీ కలిపి ఏడెనిమిది అంకెలు. దాన్నే మోడల్ అంటాం. మేం బజారులో కొనే డయోడ్లకి నమ్మదగ్గ కాగితాలేం రావు కాబట్టి వాటిని కొలిచి, గీత గీసి, ఆ గీతలోంచి అంకెలు లాగాలి. లాగేవాణ్ణి నేను. ఆ అంకెలతో సర్క్యూట్ కట్టేది అకెయో.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ప్రతి శుక్రవారం కొత్త మోడల్ కార్డుని ఇంజనీర్ గారు అందరి ముందూ పైకి చదువుతారు. ఏ రోజు కొలిచారు, గది వేడి ఎంత, ఏ షరతుల్లో కొలిచారు, అన్నీ. చివర్లో సరిచూసినవాళ్ళు ఒక మాట రాసి సంతకం పెట్టాలి. నా కార్డులన్నీ సరిచూసేది అకెయోనే. ఆ చేతిరాత కోసమే నేను కార్డులు ముచ్చటగా రాసేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటే తప్పేముంది?

రెండో వారం నాలుగు వైర్లతో కొలిచాను. రెండు కరెంటు పంపడానికి, రెండు కేవలం వోల్టేజి చూడడానికి. అలా చేస్తే వైర్ల నిరోధం లెక్కలోకి రాదు. మూడుసార్లు కొలిచాను. ఆమె గీతని కింద నుంచి పై దాకా చూసింది.

"ఇప్పుడు డయోడ్ కనిపిస్తోంది," అంది. "బావుంది, సెమె అబ్బాయీ."

మాది సెమె. మా లువో తెగలో మనిషిని పుట్టిన ఊరి పేరుతో పిలిస్తే దగ్గరివాడని అర్థం. ఆ రోజు టీతో నేను రెండు మండాజీ బూరెలు ఎక్కువ తిన్నాను.

"మీది ఉగెన్యా కదూ?" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"మూడుసార్లు విచారించాను. ఒకసారి అయితే పరిచయమే కదా."

ఆమె పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం సరిగ్గా రాలేదు.

రోజులు గడిచే కొద్దీ నాకు ఆమె పని మీద గౌరవం పెరిగింది, ఆమె మీద ఇంకోటి పెరిగింది. ఇతరులు కంప్యూటర్‌ని అడిగే ప్రశ్న ఆమె గీతని అడిగేది. గ్రాఫు చూసి "ఇది వేడెక్కాక కొలిచావు, కాస్త ఆగాల్సింది" అని చెప్పేసేది. తప్పు పట్టినా మనిషిని చిన్నబుచ్చేది కాదు, మొదటిరోజు తప్ప. అప్పటికి మీరు పోయి నువ్వు వచ్చింది.

ఆమె ఏడాదిగా కడుతున్నది టీకాల ఫ్రిజ్‌కి పెట్టే అలారం పెట్టె. కరెంటు పోయి ఇరవై నిమిషాలు దాటితే మోగాలి. లోపల కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్ ఒకటి నిండుగా ఉంటుంది, కరెంటు పోగానే మెల్లగా ఖాళీ అవుతుంది, అడుగంటితే గంట మోగుతుంది. అది వెనక్కి కారిపోకుండా కాపలా ఉండేది నారింజరంగు గాజు గొట్టంలో ఉన్న చిన్న డయోడ్. బియ్యపుగింజకన్నా కాస్తే పెద్దది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఫ్రిజ్ ఆగిపోయిందని ఎవరికీ తెలియక టీకాలన్నీ పారేశారట. పిల్లల్ని చంకనెత్తుకుని మైళ్ళు నడిచొచ్చిన తల్లులు వట్టిచేతుల్తో తిరిగివెళ్ళారట. వాళ్ళలో ఆమె తల్లి కూడా ఉంది.

మొదటి పెట్టె అహెరో దగ్గరి ఒక ఆరోగ్య కేంద్రంలో పెట్టాం. సోమవారం అక్కడి నర్సమ్మ అవుఓర్ ఫోన్ చేసింది.

"మీ పెట్టె పగలు కరెంటు పోయిన రెండు నిమిషాలకే గోల పెడుతోంది సార్. రాత్రి మాత్రం బుద్ధిగా ఇరవైకి మోగుతుంది. నాకు తల పగిలిపోతోంది. గుడ్డలు కుక్కి నోరు మూయించనా?"

ఇంజనీర్ ఒకెచ్ గారు ఫోన్ పెట్టేశాక అకెయో వైపు చూశారు. "గంటని నమ్మడం మానేస్తే నిజంగా మోగినప్పుడూ పట్టించుకోరు. శుక్రవారం చదివే వేళకి కారణం దొరకాలి. లేకపోతే ఈ సర్క్యూట్ పక్కన పెట్టి, బయటినుంచి తయారైనది తెప్పిద్దాం. నన్ను తప్పుగా అనుకోకమ్మా."

"అనుకోను," అంది అకెయో. ముఖంలో రక్తం లేదు.

కంప్యూటర్‌లో మాత్రం పగలూ రాత్రీ ఇరవై నిమిషాలే వస్తున్నాయి. అంటే తప్పు నా డయోడ్ మోడల్‌లోనే ఉండాలి. ఆమె ఏడాది శ్రమ నా అంకె మీద వేలాడుతోంది.

"వేడి వల్లేమో," అన్నాను. "పది డిగ్రీలు పెరిగితే లీకు రెట్టింపవుతుంది."

"రెట్టింపు చాలదు, పది రెట్లు కావాలి. వెనక్కి ఎంత లీకవుతోందో మళ్ళీ కొలువు."

నా బల్ల కిటికీ పక్కన. కరెంటు పోయినా వెలుగుంటుందని అక్కడే వేసుకున్నాను. డయోడ్ బిగించి మీటరు చూస్తే ఇరవై ఎనిమిది. అంతకుముందు ఓ సాయంత్రం కొలిచి కార్డులో రాసింది మూడు. వెంటనే ఆమెని పిలిచాను. వచ్చి, ఎప్పటిలాగే కిటికీ వైపు నిలబడి మీటరు మీదకి వంగింది.

మూడు.

"ఏది ఇరవై ఎనిమిది?"

"ఇప్పుడే ఉంది. నిజం."

ఆమె వెళ్ళింది. ఇరవై ఎనిమిది. పిలిచాను. వచ్చింది. మూడు. అలా నాలుగుసార్లు. క్లిప్పులు మళ్ళీ బిగించి చూశాను. నేను మీటరుని చూస్తున్నానా, మెడ మీదకి జారిన ఆమె జడలని చూస్తున్నానా అన్నది నాకే స్పష్టంగా లేదు. నా చేతులు వణికి ఏదో వైరు కదులుతోందని అనుకున్నాను. ఆ మాట పైకి చెప్పలేక ఇంకో మాట అన్నాను. జీవితంలో నేను అన్న పనికిమాలిన మాటల్లో దానిదే మొదటి స్థానం.

"నువ్వొస్తే లెక్క చెడిపోతోంది. దయచేసి నా బల్ల దగ్గరికి రాకు."

ఆమె నిటారుగా నిలబడింది. "సరే, మిస్టర్ ఒమొలో."

తర్వాత రెండు రోజులు ఆమె చీటీలతోనే మాట్లాడింది. "మిస్టర్ ఒమొలోకి: కొత్త అంకె?" "మిస్టర్ ఒమొలోకి: ఇంకా రాలేదా?" చీటీలు తెచ్చిచ్చే క్లర్కు నన్ను చూసి జాలిపడడం మొదలుపెట్టాడు. ఆమె రాలేదు కాబట్టి మీటరు ఇరవై ఎనిమిది దగ్గరే కూర్చుంది. లెక్క చెడలేదు, నేను చెడ్డాను.

గురువారం మధ్యాహ్నం సరస్సు మీదనుంచి నల్లటి మబ్బు లేచింది. గదిలో దీపం పెట్టేంత చీకటి పడింది. మొదటి చినుకులు రేకుల మీద పడుతుండగా మీటరు చూశాను.

మూడు.

పక్కన ఆమె లేదు. నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి. పిచ్చివాడిలా బల్ల దీపం వెలిగించి డయోడ్ మీదకి వంచాను. పదకొండు. అరచెయ్యి అడ్డుపెట్టాను. మూడు. చెయ్యి తీశాను. పదకొండు. అది గాజు డయోడ్. వెలుగు లోపలికి పోతోంది. వెలుగు తగిలితే అది వెనక్కి కారుతోంది. రెండు రోజులుగా నన్ను వెక్కిరించింది ఎండ. నాకు నిజం చూపించింది ఆమె నీడ.

మెట్లు దిగి వానలోకి పరుగెత్తాను. అకెయో రోడ్డుకి అవతల టీ కొట్టు చూరు కింద కప్పు పట్టుకుని నిలబడి ఉంది. నేను చేరేసరికి తడిసి ముద్దయ్యాను.

"గొడుగు లేదా, మిస్టర్ ఒమొలో?"

"నీ నీడ," అన్నాను రొప్పుతూ.

"ఏంటి?"

"నువ్వు కిటికీ వైపు నిలబడతావు కదా. నీ నీడ డయోడ్ మీద పడుతుంది. అందుకే తగ్గుతుంది. నువ్వు లెక్క చెడగొట్టలేదు. నువ్వున్నప్పుడే సరైన లెక్క వచ్చింది."

ఆమె కప్పు కింద పెట్టలేదు, కదల్లేదు. కళ్ళు మాత్రం ఎక్కడో లెక్కలు వేస్తున్నాయి. నాకెంత ఇష్టమో ఆ చూపు. నేను అక్కడితో ఆగిపోయాను. ఆమె ఆగలేదు.

"మూత," అంది మెల్లగా. "పెట్టెకి గాజులాంటి మూత పెట్టింది నేనే. లోపల ఎర్రలైటు నర్సమ్మకి కనబడాలని. పగలంతా వెలుగు తిన్నగా డయోడ్ మీదే పడుతోంది."

వాన వెలిసి మళ్ళీ ఎండ కాసింది, మా ఊళ్ళో అదెప్పుడూ అంతే. నర్సమ్మకి ఫోన్ చేసి, పెట్టె మీద తను నడుముకి చుట్టుకునే లేసో గుడ్డ కప్పి, కరెంటు స్విచ్ తీసి, మోగగానే చెప్పమన్నాం. ఫోను బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాం.

రెండు నిమిషాలు దాటాయి. ఫోను మోగలేదు. ఆమె ఊపిరి వదిలింది.

"ఆ రోజు అలా ఎందుకన్నావు?" అంది.

"నా చేతులు వణుకుతున్నాయనుకున్నాను."

"ఎందుకు వణుకుతాయి?"

"నువ్వొస్తే వణుకుతాయి."

ఆమె గడియారం చూసింది. "ఏడు నిమిషాలు," అంది, గొంతు సరిచేసుకుని. "నేనేమనుకున్నానో తెలుసా? నా సర్క్యూట్ చచ్చిపోతోంది, నువ్వు నీ మోడల్‌ని కాపాడుకుంటున్నావు అనుకున్నాను. రెండు రాత్రులు నిద్ర లేదు."

నా పాత గీతలన్నీ తిరగేసి, ధైర్యం కూడగట్టుకునేసరికి గడియారంలో పంతొమ్మిది నిమిషాలు దాటాయి. "క్షమించు, ఉగెన్యా అమ్మాయీ. నేను అసలు..."

ఫోను మోగింది. పంతొమ్మిదిన్నర నిమిషాలు. "మోగిందమ్మా," అంటోంది నర్సమ్మ, "ఇంత బుద్ధి దీనికి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అకెయో రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, రెండూ అనుకుంటాను. నా మాట మాత్రం సగంలోనే ఆగిపోయింది.

శుక్రవారం. ఎనిమిది మందిమి గోడవారగా నిలబడ్డాం. ఇంజనీర్ ఒకెచ్ గారు కళ్ళద్దాలు పెట్టుకుని కార్డు తీశారు. నల్లరంగు పూసిన కొత్త మూత బల్ల మీద ఉంది. ఎర్రలైటు కోసం దానికి ఒక చిన్న కన్నం ఉంచింది అకెయో.

"గాజు డయోడ్. గది వేడి ఇరవై ఆరు డిగ్రీలు," చదివారు. "మోడల్‌లో డయోడ్ పక్కన, వెలుగుని బట్టి పెరిగే చిన్న కరెంటు కూడా చేర్చాను." చదవడం ఆపి "భేష్" అన్నారు. "ఎండలో లీకు ఇరవై ఎనిమిది. నీడలో మూడు." కార్డు కాస్త దూరం పెట్టి చూశారు. గొంతు తగ్గింది. "నీడ ఎవరిది: అకెయోది. ఆ నీడ లేకుండా నాకు సరైన అంకె రాలేదు. అది లేకుండా ఇకమీదట ఏ పనీ చేయాలని లేదు."

క్లర్కు మెడ చాచి కార్డు వైపు చూశాడు.

ఆయన కళ్ళద్దాలు తీశారు. "ఇది మోడల్‌లో పెట్టే పారామీటరా, ఒమొలో?"

"కాదు సార్. కొలిచిన షరతు."

"సరిచూసినవాళ్ళు చెప్పాలి మరి. కొట్టెయ్యమంటావా అమ్మా?"

అకెయో ముందుకొచ్చింది. నావైపు చూడలేదు. నేను నేల మీద పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె కార్డు మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి.

"ఉన్నదే రాశాడు. ఉంచండి," అంది. కలం తీసుకుని సంతకం చేసే చోట ఏదో రాసి కార్డు ఆయనకిచ్చింది.

ఇంజనీర్ గారు ఆచారం తప్పలేదు. పైకే చదివారు. "పరిచయం అయింది. ఒక్కసారి చాలదు, రోజూ కొలవాలి. అకెయో."

గది గొల్లుమంది. నేను తలెత్తేసరికి ఆమె అప్పటికే తలుపు దగ్గరుంది.

"సెమె అబ్బాయీ," అంది, "కిటికీ వైపు ఇంకో కుర్చీ వెయ్యి. నిలబడితే కాళ్ళు నొప్పి పుడుతున్నాయి."