మల్లిక వదులు చేసిన స్క్రూ

కీ... కీ... కీ... అని మూడుసార్లు కూసి మిషన్ ఆగిపోయింది.

“సుమనా, ఆకుపచ్చ పని అయిపోయింది. ఎర్ర దారం ఎక్కియ్యి బిడ్డా” అంది యాదలక్ష్మి, చేతిలోని జాకెట్టుకు హుక్కులు కుడుతూ.

మిషన్ పక్కన స్టూలు మీద కూర్చున్న సుమన చటుక్కున లేచింది. ఆకుపచ్చ దారం తీసి ఎర్రది పెట్టింది. కొసను తడి చేసి సూదిలోకి ఒక్కసారికే ఎక్కించింది. బటన్ నొక్కగానే మిషన్ మళ్ళీ టకటకమంటూ పువ్వు కుట్టడం మొదలుపెట్టింది.

“అబ్బ, ఎంత సాఫు చెయ్యే నీది!” అంది యాదలక్ష్మి.

గడప దగ్గర కూర్చుని ఉడికిన కందికాయలు ఒలుస్తున్న మల్లిక ఇదంతా చూస్తోంది. మామూలుగా కాదు, మింగేసేలా చూస్తోంది. ఆ చూపులో పడి పొట్టు గిన్నెలో వేస్తోంది, గింజలు నేల మీద పారేస్తోంది.

యాదలక్ష్మి మల్లిక వాళ్ళ అమ్మ. సుమన పక్కింటి పిల్ల. ఇద్దరూ కోస్గి బడిలో ఆరో తరగతి, ఒకే బెంచీ. ఇన్నాళ్ళూ సుమన మీద మల్లికకు ఏ కోపమూ లేదు. ఆ స్టూలు మీద కూర్చున్నప్పటి నుంచే ఈ గొడవంతా.

పైగా అమ్మ దాన్ని ‘బిడ్డా’ అంటోంది! కోస్గిలో పెద్దవాళ్ళు ఎవరి పిల్లనైనా బిడ్డా అనే పిలుస్తారు. ఆ సంగతి మల్లికకు తెలియదా? బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆగదు కదా.

యాదలక్ష్మి ఇంట్లోనే కంప్యూటర్ మిషన్ మీద ఎంబ్రాయిడరీ చేస్తుంది. ఒక్కో కాలానికి ఒక్కో పని. బతుకమ్మ ముందు జాకెట్ల మీద పువ్వులు. డిసెంబరు వస్తే చర్చి బల్ల మీద పరిచే గుడ్డలు. సంక్రాంతికి చిన్నపిల్లల లంగాలు. ఎండాకాలం వచ్చిందంటే పెళ్ళి జాకెట్లతో అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. మిషన్ తనంతట తానే కుడుతుంది. కానీ రంగు మారినప్పుడల్లా ఆగిపోతుంది. అప్పుడు దారం మార్చడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.

నిజం చెప్పాలంటే ఆ మనిషిగా యాదలక్ష్మి మొదట పిలిచింది మల్లికనే. బతుకమ్మ సీజన్‌లో రోజూ పిలిచింది. “దారాలు గీరాలు నాతోని కాదమ్మా” అని మల్లిక రోజూ ఖోఖో ఆటకు ఉరికింది. ఒకనాడు సుమన వచ్చి, “నేను కూసోనా అత్తా?” అని అడిగింది. కూర్చుంది. అంతే, ఖాళీగా ఉన్నన్నాళ్ళూ అక్కరలేని స్టూలు ఆ రోజు నుంచి మల్లికకు కావలసి వచ్చింది. కానీ అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం పని సాగుతుండగానే జానమ్మ వచ్చింది. చర్చి బల్ల సర్దే పెద్దావిడ ఆమె. సంచిలోంచి తెల్లటి నూలు గుడ్డ తీసి యాదలక్ష్మి చేతిలో పెట్టింది.

“పండుగకు బల్ల మీద పరుస్తం. నడుమ పెద్ద నక్షత్రం కావాలె. శనివారం పొద్దుమూకే వరకు ఇయ్యాలె బిడ్డా. ఇంకో గుడ్డ లేదు, పైలం” అని చెప్పి వెళ్ళిపోయింది.

యాదలక్ష్మి గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత సుమన వైపు తిరిగింది.

“ఇన్ని రోజులు పాత గుడ్డల మీదనే నేర్సుకున్నవ్. ఇయ్యాల గిది నువ్వు బిగియ్యి.”

సుమన ముఖం వెలిగిపోయింది. మల్లిక ముఖం మాడిపోయింది.

ఎంబ్రాయిడరీలో బిగించడమే అసలు పని. గుడ్డ కింద పేపరు పెట్టి, రెండు చట్రాల ఫ్రేము మధ్య దాన్ని ఇరికించి, పక్కనున్న స్క్రూ తిప్పాలి. బిగిసిందో లేదో తెలుసుకోవడానికి యాదలక్ష్మి ఒక గుర్తు చెప్పింది. వేలితో కొడితే గుడ్డ డప్పులా మోగాలి. మోగకపోతే కుట్టే కొద్దీ గుడ్డ జారుతుంది.

సుమన నాలుక బయటపెట్టి మరీ స్క్రూ తిప్పింది. వేలితో గుడ్డ మీద కొట్టింది. డబ్! ఇంకోసారి కొట్టింది. డబ్! గడప దగ్గరున్న మల్లికకు కూడా స్పష్టంగా వినిపించింది.

“మోగిందా?” అని వంటింట్లోంచి అడిగింది యాదలక్ష్మి.

“మోగింది అత్తా!” అని అరిచి, సుమన ఫ్రేమును స్టూలు మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. స్క్రూకున్న నూనె చేతికి అంటింది, తెల్ల గుడ్డకు మరక అవుతుందని భయం.

గదిలో మల్లిక ఒక్కతే మిగిలింది. ఎదురుగా ఫ్రేము.

ఇంతకీ సుమన అంత గొప్పదా? ఒక్కసారి తప్పు చేస్తే తెలుస్తుంది అమ్మకు. ఒక్కసారి చాలు. మల్లిక లేచింది. స్క్రూ పట్టుకుని వెనక్కి తిప్పింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. వచ్చి మళ్ళీ కందికాయల ముందు కూర్చుంది. చేతులు బుద్ధిగా కాయలు ఒలిచాయి.

సుమన వచ్చి ఫ్రేమును మిషన్‌కు తగిలించింది. బటన్ నొక్కింది. పసుపు నక్షత్రం మెల్లగా నిండింది. అందరికీ బాగానే కనిపించింది. కీ... కీ... కీ... ఎర్ర దారం వేశాక నక్షత్రం చుట్టూ అంచు మొదలైంది. అప్పుడు బయటపడింది. అంచు నక్షత్రం మీద పడలేదు. వేలెడు దూరంలో తెల్ల గుడ్డ మీద తన దారిన తాను పోతోంది.

యాదలక్ష్మి పరుగున వచ్చి మిషన్ ఆపింది. ఫ్రేము తీసి చూసింది.

“స్క్రూ వదులుగున్నది గదే సుమనా!”

“నేను మోగిచ్చి చూసిన అత్తా” అంది సుమన.

“మోగితే గుడ్డ ఎందుకు జారుతది బిడ్డా? జానమ్మకు ఏం చెప్పాలె ఇప్పుడు?”

యాదలక్ష్మి తిట్టలేదు. కానీ గుడ్డను పక్కన పెట్టి తల పట్టుకుంది. సుమన లేచింది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మరునాడు సుమన రాలేదు. మంగళవారం కూడా రాలేదు. స్టూలు మీద మల్లిక కూర్చుంది. దారాలు అందించింది. “ఇది కాదే, గులాబి రంగు” అని అమ్మ అంటే మార్చి ఇచ్చింది. కావాలనుకున్నదే దొరికింది. అయినా ఎందుకో ఆ స్టూలు మీద కుదురుగా కూర్చోలేకపోయింది.

బుధవారం బడిలో మధ్యాహ్నం అన్నాలు అయ్యాక సుమన వరండాలో ఒంటరిగా కనిపించింది. స్టీలు గ్లాసు మీద చేతిరుమాలు పరిచి రబ్బరు బ్యాండు వేసింది. వేలితో కొడుతోంది, చెవి దగ్గర పెట్టుకుంటోంది, మళ్ళీ కొడుతోంది.

“ఏం చేస్తున్నవ్?” అంది మల్లిక.

“చెవులు చూస్కుంటున్న.”

“చెవులా?”

“ఆ రోజు నాకు మోగినట్టే వినవడ్డది మల్లికా. రెండుసార్లు వినవడ్డది. కానీ స్క్రూ వదులుగుండె. అంటే మోగకున్నా నాకు మోగినట్టు వినవడుతున్నదన్నట్టు. మా అమ్మకు చెప్పిన. శనివారం మహబూబ్‌నగర్ దవాఖానకు తీస్కపోతనన్నది.”

మామూలుగా అయితే మల్లికకు నవ్వు రావాలి. రాలేదు. సుమన అబద్ధం చెప్పడం లేదు. దానికి నిజంగానే తన చెవుల మీద నమ్మకం పోయింది. గ్లాసు మీద ఇంకోసారి కొట్టి, “నీకు మోగిందా?” అని మల్లికనే అడిగింది. మల్లిక తల ఊపి అక్కడి నుంచి గబగబా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం యాదలక్ష్మి ఒక లంగా గుడ్డ ఇచ్చి, “ఇయ్యాల నువ్వు బిగియ్యి చూద్దాం” అంది. మల్లిక పేపరు పెట్టింది. స్క్రూ తిప్పింది. వేలితో కొట్టింది. డబ్!

“మోగిందా?” అని వంటింట్లోంచి కేకేసింది అమ్మ.

మల్లిక స్క్రూ వైపే చూస్తోంది.

“ఏమే, నిన్నే! మోగిందా?”

“అమ్మా... ఆ రోజు గూడ మోగింది.”

“ఏ రోజు?”

“సుమన బిగిచ్చిన రోజు. నేను విన్న. అది చేతులు కడుక్కోవోతే నేనే స్క్రూ ఎనుకకు తిప్పిన. రెండు చుట్లు.”

యాదలక్ష్మి గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. కూతురి వైపు అలా చూస్తూ నిలబడిపోయింది. కొడుతుందనుకుంది మల్లిక. కొట్టినా బాగుండేది.

“ఎందుకే?”

“నువ్వు దాన్ని మెచ్చుకుంటున్నవ్. దాన్నే బిడ్డా అంటున్నవ్. నన్ను అంటలేవ్.” ఇక ఆపుకోలేక మల్లిక బావురుమంది.

“బతుకమ్మ నెలంతా పిలిచినగదే నిన్ను! వస్తివా?” అంది యాదలక్ష్మి. “తప్పు చెయ్యని పిల్లను అన్న నేను. మూడు రోజుల సంది అది ఎట్లున్నదో ఏమో.”

“దవాఖానకు పోతదంట. చెవులు చూపిచ్చుకోనీకి.”

యాదలక్ష్మికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె కింద పెట్టి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నడువ్. ఇప్పుడే చెప్పాలె. ఇద్దరం చెప్పాలె.”

పక్కింటి వాకిట్లో సుమన పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. మల్లిక ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. వినగానే సుమన ముఖం విప్పారింది.

“అయితే నా చెవులు మంచిగనే ఉన్నయా?”

“మంచిగనే ఉన్నయి.”

సుమన చెవులు రెండూ పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పుడు తట్టింది దానికి, ఎదురుగా ఉన్నదెవరో, ఏం చేసిందో.

“నేను నీకేం చేసిన్నే?” అంది.

యాదలక్ష్మి ముందుకు వచ్చి, “నాది గూడ తప్పే బిడ్డా, నీ మాట ఇనకుంట అన్న” అంది. సుమన ఆమెకు తల ఊపింది. మల్లిక వైపు మాత్రం చూడలేదు. పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రే మల్లిక చర్చి గుడ్డను ఒళ్ళో పెట్టుకుంది. మిషన్ పది నిమిషాల్లో వేసిన కుట్లు చేత్తో విప్పాలంటే ఎంతసేపు పడుతుందో అప్పుడు తెలిసింది. గుడ్డ తిరగేసి, చిన్న కత్తెర మొనతో అడుగు దారం ఒక్కొక్కటే తెంపాలి. తొందరపడితే గుడ్డ చిరుగుతుంది. గురువారం బడి నుంచి రాగానే కూర్చుంది. శుక్రవారం కూడా అంతే. బయట పిల్లలు ఖోఖోకు పిలిచారు. “ఇయ్యాల రాను” అంది. వేలికి రెండుసార్లు మొన గుచ్చుకుంది. యాదలక్ష్మి “నేను జర విప్పుతనియ్యి” అంటే గుడ్డ ఇవ్వలేదు.

చివరి పసుపు పోగు ఊడొచ్చాక యాదలక్ష్మి గుడ్డను తడిపి, గోటితో మెల్లగా రుద్దింది. సూది పొడిచిన చిల్లులు చాలావరకు పూడుకుపోయాయి. ఇస్త్రీ చేస్తే మిగిలినవీ కనబడలేదు.

శనివారం పొద్దున యాదలక్ష్మి వెళ్ళి సుమనను పిలుచుకొచ్చింది. సుమన ఎవరితోనూ మాట్లాడలేదు. గుడ్డ బిగించింది. లేవబోయి, మల్లిక వైపు ఒకసారి చూసింది. మల్లిక రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని గోడకు ఆనుకుంది. యాదలక్ష్మికి నవ్వొచ్చింది కానీ, దారాల డబ్బాలో తల దూర్చి దాచుకుంది.

ఈసారి అంచు నక్షత్రాన్ని అంటిపెట్టుకుని చుట్టూ తిరిగి, మొదలైన చోటే వచ్చి ఆగింది.

పొద్దుగూకే వేళకు జానమ్మ వచ్చింది. గుడ్డ విప్పి వెలుగులోకి పట్టుకుంది. అంచు పొడుగునా వేలు నడిపి చూసింది. తర్వాత మల్లిక గడ్డం పట్టుకుంది.

“మీ అమ్మ పక్కన నువ్వే కూసుంటున్నవంట గదా. గిది నువ్వే కుట్టినవా? మీ అమ్మ చెయ్యి నీకు వచ్చింది పో! రేపు చర్చిల అందరికి నీ పేరు చెప్త.”

మల్లిక ఎన్ని రోజులుగానో వినాలనుకున్న మాట అది. దారాలు సర్దుతున్న సుమన తల దించుకుంది.

“నేను కాదవ్వా” అంది మల్లిక. చెవులు వేడెక్కాయి, అయినా ఆగలేదు. “సుమన కుట్టింది. మొదలు గూడ అదే మంచిగ బిగిచ్చింది. నేనే స్క్రూ వదులు చేసి ఖరాబు చేసిన. మల్ల కుట్లు విప్పిన. దాని పేరు చెప్పు.”

జానమ్మ విస్తుపోయి ఒకసారి మల్లికను, ఒకసారి సుమనను చూసింది. “ఖరాబయ్యిందా? ఏడ?” అని గుడ్డను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని వెతికింది. ఏమీ కనబడలేదు.

సుమన లేచి వచ్చి గుడ్డ అంచు పట్టుకుంది.

“కనవడదు అవ్వా. అది మూడు రోజులు కూసొని విప్పింది. నాకైతే గింత సాఫుగ విప్పరాదు” అంది.

బుధవారం తర్వాత సుమన మల్లిక గురించి నోరు విప్పడం అదే మొదటిసారి.