పటంలో లేని దేశం ఇచ్చిన పట్టా

శుక్రవారం పొద్దున చాయ్ తాగడం కాగానే షహర్బాను బట్టల పెట్టె సర్దడానికి కూర్చుంది. గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక కంపెనీ నడిపే చిన్న దవాఖానాలో ఆమె భర్త హయాత్ బాషా తొమ్మిదేళ్ళుగా కంపౌండరు. రేపటి నుంచి మాత్రం దూరంగా మఫ్రఖ్‌లో ఉన్న అదే కంపెనీ వాళ్ళ లేబర్ క్యాంపులో డాక్టరు. ముదీర్‌ను, అంటే కంపెనీ మేనేజరును, ఒప్పించి ఆ ఉద్యోగం తెచ్చిపెట్టిన డాక్టరు పట్టాను కవరుతో సహా పెట్టెలో పెట్టబోతూ ఆమె ఆగిపోయింది.

కవరు మీద రాజముద్రతో, ఎన్నడూ వినని ఓ దేశం పేరుతో బంగారు రంగు స్టాంపు మెరుస్తోంది. దాని మీద పోస్టాఫీసు ముద్ర లేదు. ముద్ర పడింది పక్కనున్న మామూలు ఇంగ్లండు స్టాంపు మీద. పెళ్ళికి ముందు ప్రొద్దుటూరు బడిలో మూడేళ్ళు భూగోళం చెప్పిన మనిషి కదా, కూతురి అట్లాసు తెచ్చి ఒక్కో ఖండం, ఒక్కో సముద్రం వెతికింది. ఆ పేరు ఎక్కడా లేదు.

"ఏమండీ, ఈ దేశం యాడుంది?"

"సముద్రంలో దీవి లే. లండన్‌లో ఉన్న యూనివర్సిటీ పోయినేడు అక్కడికి మారింది."

"ఎందుకు మారింది?"

హయాత్ బాషా మడతపెట్టిన చొక్కానే మళ్ళీ మడతపెట్టసాగాడు. కవరులోని ఉత్తరం ఆమే విప్పి చదివింది. తమ కొత్త దేశంలో ఏ ప్రభుత్వమూ తనిఖీకి రావడానికి వీల్లేదని అందులో గొప్పగా రాసుకున్నారు.

"తనిఖీకి జడిసి పారిపోయినోళ్ళు మిమ్మల్ని డాక్టర్ని చేసినారా? ఏం పరీక్ష పెట్టినారు?"

"రెండు పేజీలు రాసి పంపినా. నా అనుభవం చూసి ఇచ్చినారు." అతని గొంతు లేచింది. "డాక్టరు సెలవు పెట్టినప్పుడల్లా దవాఖానా నడిపింది ఎవరు? నేను కాదా? ఒక్కరన్నా నన్ను సాబ్ అని పిలిచినారా? ఇన్నాళ్ళకు తలెత్తుకొని తిరుగుదామంటే నువ్వే అడ్డం పడతాండావే!"

"మీకు తెలిసిన పని గురించి కాదు నేననేది. తెలియనిది వస్తే క్యాంపులో ఎవరిని అడుగుతారు? రేపు ముదీర్‌కు మీరు చెప్పకుంటే నేనే పోయి చెప్తా."

"చెప్పు, చూస్తా!"

అప్పుడే ఎవరో తలుపు తట్టారు. పక్క సందులో ఉండే తాపీమేస్త్రీ పోచన్న. ఛాతీ పట్టుకుని గడపలోనే కూలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"డాక్టర్ సాబ్, పొద్దుగాల సంది ఛాతిల బరువుగున్నది. ఎడమ చెయ్యి గుంజుతున్నది. ఏదన్న గోలి ఇయ్యుండ్రి."

డాక్టర్ సాబ్! ఆ మాటకు హయాత్ బాషా చెయ్యి తనకు తెలియకుండానే అలమరలోని గ్యాసు మాత్రల సీసా మీదికి పోయింది. దవాఖానాలో అయితే ఈపాటికి పక్క గదిలోని డాక్టరు కోసం పరిగెత్తి ఉండేవాడు. ఇప్పుడు పక్క గది లేదు. షహర్బాను అతన్నే చూస్తోంది.

అతను సీసాను ముట్టకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను డాక్టర్ని కాదు పోచన్నా. నువ్వు నడవొద్దు, కదలొద్దు. పెద్దాసుపత్రికి పోదాం." వీధిలోకి పరిగెత్తి, వెళుతున్న పికప్‌ను ఆపాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నేల మీద కూర్చున్నాడు.

"గుండెపోటంట. టయానికి తెచ్చినారన్నారు. ఇంగ భయం లేదంట." తల వంచుకున్నాడు. "ఒక్క నిమిషం గోలి ఇచ్చి పంపేద్దామనుకున్నా, బానూ. సాబ్ అన్నాడని." మాట పూర్తికాకముందే ఏడుపు తన్నుకొచ్చింది.

ఆమె పక్కన కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేసింది. ఏడుపు ఆగాక బుర్ఖా తగిలించుకుని, పట్టా కవరు అతని చేతికిచ్చింది. "పదండి. రేపటిదాకా ఎందుకు?"

ముదీర్ ఇంటి వాకిట్లో హయాత్ బాషా వచ్చీరాని అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పాడు. ముదీర్ మొహం ఎర్రబడింది. పట్టా లాక్కుని రెండుగా చింపాడు. "మఫ్రఖ్ ఖలాస్!" ఆ ఉద్యోగం అంతటితో అయిపోయినట్టే. పాత ఉద్యోగం సంగతి రేపు చెబుతానని తలుపు వేసుకున్నాడు.

ఎండలో ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"ఉన్నది కూడా పోతే?" అన్నాడతను.

"పోతే ఇంకో దవాఖానాలో అడుగుదాం. మీకు చేతినిండా పని తెలుసు." నాలుగడుగులు వేశాక ఆమే మళ్ళీ అంది. "సాబ్ అనలేదని ఇన్నేండ్లు మీరు లోపల కుమిలిపోతాంటే, ఒక్క దినమన్నా నేను అడగలేదు. అది నా తప్పు."

హయాత్ బాషా నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. పెళ్ళయినప్పటి నుంచి నలుగురిలో ఎప్పుడూ చేయనిది, ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచాడు.