కుడి చక్రం మీద క్రోమ్ పట్టీ

ఒహాయోలో ఫిబ్రవరి నెలంటే మధ్యాహ్నం మూడింటికే ఆకాశం మొహం ముడుచుకుంటుంది. ఓరిన్ హాస్కెల్ ఇంటి పక్క షెడ్డులో హీటరు వెలిగించుకుని, గార్నర్ టన్‌స్టాల్ తెచ్చిన కారు చుట్టూ తీరిగ్గా ఒకసారి తిరిగాడు. డెబ్భయ్యో సంవత్సరం మోడల్. రెండే తలుపులు, భారీ ఇంజను, ముదురాకుపచ్చ రంగు. ఆ రోజుల్లో కుర్రాళ్లు రోడ్ల మీద పందేలు వేసుకున్న రకం. ఇలాంటి కార్లకు బయటి క్రోమ్ పట్టీలు బిగించడమే ఓరిన్ పని. ముప్ఫయ్యేళ్లుగా అదే చేస్తున్నాడు.

పాత పట్టీలన్నీ మచ్చలుపడ్డా ఉన్నచోటే ఉన్నాయి. కుడివైపు ముందు చక్రం మీద ఉండాల్సిన వంపు పట్టీ ఒక్కటే లేదు. దాని చోట ఐదు స్క్రూ కన్నాలు మిగిలాయి.

"ఈ ఒక్కటీ ఏమైందండీ?" అని అప్పగించిన రోజే అడిగాడు ఓరిన్.

"ఊడిపోయింది." డెబ్భై రెండేళ్ల గార్నర్ ఆ వైపు చూడను కూడా లేదు. "నలభై ఎనిమిదేళ్లు టార్పాలిన్ కింద పడి ఉన్న బండి నాయనా. మనవరాలు పట్టుబట్టింది, పెళ్లికి ఇందులోనే చర్చికి వెళ్తానని. అన్నీ కొత్తవి వేసెయ్."

పాత నమూనాలో కొత్తగా చేసిన పట్టీలు పెట్టెలో ఉన్నంతసేపు బుద్ధిగానే కనిపిస్తాయి. కారు మీద పెడితే తెలుస్తుంది వాటి సంగతి. ఒకచోట వేలు పట్టేంత సందు, ఇంకోచోట కన్నానికి కన్నం కలవదు. రంగు గీరుకుపోకుండా చుట్టూ టేపు అంటించి, పెట్టి చూసి, తీసి, రబ్బరు సుత్తితో చిన్నగా తట్టి, ఆకురాయితో అరగదీసి, మళ్లీ పెట్టి చూడాలి. ఎడమవైపు ఒక్క పట్టీకే ఓరిన్‌కి పొద్దుటి పూటంతా పట్టింది.

కుడివైపుది మాత్రం పెట్టగానే కూర్చుంది. ఐదు కన్నాలూ కలిశాయి. ఎక్కడా వెంట్రుకవాసి సందు లేదు. తన చేతి నుంచి లాక్కుని అతుక్కున్నట్టే అనిపించింది.

ముప్ఫయ్యేళ్లలో ఒక్కసారి కూడా అలా జరగలేదు. ఓరిన్‌కి సంతోషం కలగలేదు. స్క్రూలు బిగించి చేతులు తుడుచుకుంటుంటే ఎక్కడినుంచో తడిసిన ఉన్ని వాసన వచ్చింది. మంచులో ఆడుకుని వచ్చిన పిల్లల కోట్ల వాసన. ఆ షెడ్డులోకి పిల్లలు రారు.

భార్య మార్లిస్ సూప్ గిన్నె పట్టుకుని వచ్చింది. కారు వైపు చూసి నవ్వింది. "ఏంటయ్యా, కొత్తదాన్ని అప్పుడే సొట్టపెట్టావా? కళ్లజోడు మార్చుకోమంటే వినవు కదా!"

ఓరిన్ వంగి చూశాడు. పట్టీ ముందంచులో సొట్ట. పిల్లల పిడికిలంత ఉంది.

"నేను చెయ్యి కూడా వెయ్యలేదు," అన్నాడు.

ఎందుకైనా మంచిదని తెప్పించుకున్న పట్టీ ఇంకొకటి ఉంది. మొదటిదాన్ని ఊడదీసి రెండోది పెట్టాడు. అదీ అలాగే కూర్చుంది. ఈసారి ఓరిన్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. మార్లిస్ వెనకాల నిలబడింది.

హీటరు గుయ్యిమంటోంది. కిటికీ అవతల మంచు మొదలైంది. ఉన్ని వాసన చిక్కబడింది... దాని అడుగున ఇనుము వాసన. కాదు. ఇనుము కాదు.

టిక్.

పట్టీ మీద హీటరు వెలుగు సన్నగా వంకరపోయింది.

టిక్... టిక్...

ఎవరూ ముట్టుకోలేదు. క్రోమ్ నెమ్మదిగా లోపలికి వంగింది. అదే చోట. అంతే మేర.

"ఓరిన్," మార్లిస్ గొంతు గుసగుసకి దిగింది. "దాని అంచున... ఏదో ఉంది."

పట్టీకీ రేకుకీ మధ్య ఎర్రటి ఉన్ని పోగు వేలాడుతోంది. కొసన నీటి చుక్క ఉంది.

ఓరిన్ ఫోన్ చేసిన పావుగంటకి గార్నర్ వచ్చాడు. టోపీ మీద మంచు కూడా దులుపుకోలేదు.

"పట్టీ కింద ఉన్ని పోగు దొరికింది," అన్నాడు ఓరిన్.

"ఎర్రదేనా?"

రంగు సంగతి ఓరిన్ చెప్పనే లేదు. గార్నర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"డెబ్భై నాలుగు, మార్చి. మిల్‌క్రీక్ రోడ్డు. మంచు కురుస్తోంది. తాగి లేను, ఒట్టు. వేగంగా వెళ్తున్నానంతే. ఎర్ర స్వెటరు వేసుకున్న పిల్ల. తొమ్మిదేళ్లట, పేపర్లో చూశాను. జోలీన్ అని పేరు."

"చనిపోయిందా?" అంది మార్లిస్.

"అప్పటికి లేదు." ముసలాయన అరచేతులు చూసుకున్నాడు. "దిగాను. నన్ను చూసి లేవబోయింది. నన్ను కూడా ఎక్కించుకోండి, ఇంటికెళ్తాను అంది. నేను... ఊడిన పట్టీ ఏరుకున్నాను. దాన్ని వాగులో పారేసి వెళ్లిపోయాను."

మార్లిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇక్కణ్ణుంచి షెరీఫ్ ఆఫీసు ఎనిమిది మైళ్లు," అన్నాడు ఓరిన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీరే వెళ్లి చెప్తారా, నన్ను ఫోన్ చెయ్యమంటారా?"

"నేనే వెళ్తాను. ఈ కార్లోనే. పెళ్లికూతుర్ని ఎక్కించాల్సిన బండి కాదిది. ముందే తెలుసు నాకు."

ఓరిన్ షెడ్డు తలుపు పైకి ఎత్తాడు. ఇంజను గర్జించింది. కారు బయటికి వెళ్తుంటే కుడివైపు టైరు కేసి పరీక్షగా చూశాడు. ఆ వైపు ఎవరో ఎక్కినట్టు బండి ఒక్క వేలెడు కిందికి దిగింది.

"అది చూశావా?" అన్నాడు.

"లోపలికి రా," అంది మార్లిస్. "తలుపు వెయ్యి. వేసెయ్, ఓరిన్."

గార్నర్ షెరీఫ్ ఆఫీసుకి చేరలేదు.

మర్నాడు పొద్దున ఓరిన్ ఇంటికి షెరీఫ్ ఆఫీసు నుంచి పోలీసు డిప్యూటీ వచ్చాడు. రిబెక్ అని, నిన్నమొన్న ఉద్యోగంలో చేరినవాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడు.

"కారు మిల్‌క్రీక్ రోడ్డు మీద దొరికిందండీ. తలుపులు మూసే ఉన్నాయి. ఇంజను మంచుగడ్డలా ఉంది. ఆయన లేడు. చుట్టూ ఒక్క అడుగు జాడ లేదు. మంచు కురవడం ఆగాకే బండి అక్కడికొచ్చింది, చక్రాల గుర్తులు చక్కగా ఉన్నాయి. మరి మనిషి దిగి ఎటు పోయినట్టు?"

ఓరిన్ కుర్చీ జరిపాడు, రిబెక్ కూర్చోలేదు.

"దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగాడట. అక్కడి ఆవిడ చెప్పింది. ఒక కాఫీ, ఒక వేడి చాక్లెట్ పాలు కొన్నాడట. పాలల్లో మీగడ ఎక్కువ వెయ్యమన్నాడట. ఆయనతో ఎవరైనా ఉన్నారాండీ?"

"ఒక్కడే వెళ్లాడు," అంది మార్లిస్.

రిబెక్ తల ఊపాడు కానీ కదల్లేదు. గొంతు తగ్గించాడు.

"రాత్రి సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కిందికి పోయింది. కాఫీ కప్పులోనే గడ్డకట్టింది, నేను చూశాను. రెండో కప్పు పక్క సీట్లో ఉంది. ఖాళీగా. అడుగుదాకా తాగేశారు." అతను తన అరచేతిని చూసుకున్నాడు. "చేతిలోకి తీసుకున్నానండీ... అది ఇంకా వెచ్చగా ఉంది."